తలము మార్చి చూడవలెను, కేంద్రమును విడువరాదు

(జీర్ణోద్ధరణ కుంభాభిషేక మహోత్సవ సభలో ఆలయ అర్చకులు చేసిన ప్రసంగ పాఠము)



 

కుంభాభిషేక సందర్భమున అర్చకుడు మాటలాడినచో జీర్ణోద్ధరణ ఫలమును గూర్చియో, ప్రతిష్ఠా క్రమమును గూర్చియో చెప్పునని మీరు తలంచుట సహజము. ఆ విషయములను చెప్పగల పెద్దలు పలువురు కలరు. నేను మాత్రము కంప్యూటరులో బొమ్మ గీయుటను గూర్చి చెప్పదలచితిని. అందులోను ఒక చిన్న సంగతి: త్రిమితి చిత్రమును గీయునపుడు ఒక తలమునుండి మరియొక తలమునకు మారుట. వేదపాఠశాలలో చదువుకొన్న అర్చకునకు ఈ విషయముతో పని యేమి యని మీరు నవ్వవచ్చును. కాని మన నందీశ్వరుడు నేడు తన స్వామిని చూడగలుగుచున్నాడనిన దానికి కారణము ఆ చిన్న సంగతియే. మీరిచ్చిన ధనము ఏ విధముగా వినియోగమైనదో తెలిసికొనుటకు మీకు హక్కు కలదు. అందుచేత జరిగినదంతయు, నా పొరపాటుతో సహా, దాచక చెప్పుచున్నాను.

సంకల్పము

మన కోహీరు ఎర్రనేల. జామతోటలకు పేరుపడిన నేల. అయితే ఊరు పెరిగిన కొలది వీధులును పెరిగినవి. రోడ్డుపై రోడ్డు వేయుటచే ఆలయము చుట్టునున్న దారులు ఎత్తుపడి, ఆవరణ పల్లమైపోయినది. పెద్దవాన కురిసిన రాత్రి ఎర్రని నీరు ఆవరణలో నిలిచి, సోమసూత్రము గుండ ఎదురెక్కి గర్భాలయములోనికి వచ్చుటను మీలో పలువురు చూచియున్నారు. తెల్లవారుజామున తలుపు తీసి, పానవట్టము చుట్టు నిలిచిన నీటిని చెంబులతో తోడిపోసిన చేతులివి.

కనుక జీర్ణోద్ధరణకు పూనుకొన్నపుడు అందరి మనస్సులో ఉన్న కోరిక ఒక్కటే: నేల ఎత్తు చేయవలెను. ఆవరణను, మండపమును, అంతరాళమును 18 అంగుళములు ఎత్తు చేయుటకు నిశ్చయమైనది. నేను ఒక్క నియమము పెట్టితిని. స్థిరప్రతిష్ఠ కలిగిన లింగమును గాని, తరతరములుగా కూర్చున్న నందిని గాని కదలింపరాదని పట్టుబట్టితిని. అందరును అంగీకరించిరి. అంతరాళ ద్వారమునకు క్రొత్త నల్లరాతి గడపను ఒక అమ్మగారు తన భర్త జ్ఞాపకార్థము సమర్పించిరి. నేలపైకి 15 అంగుళముల ఎత్తు కనబడునట్లు, పై పట్టెలో పద్మములతోను, క్రింది పట్టెలో ఆయన పేరుతోను ఆ రాయి సిద్ధమై వచ్చినది.

నేలచిత్రము నా యొద్దకు వచ్చినపుడు శ్రద్ధగనే పరీక్షించితిని. లింగ మధ్యమునుండి తూర్పునకు సాగిన బ్రహ్మసూత్రము గర్భాలయ ద్వారము, అంతరాళ ద్వారము, నంది, ధ్వజస్తంభము, ప్రవేశద్వారము అన్నిటి నడుమగా పోవుచున్నదా యని చూచితిని. పోవుచున్నది. మూలలు సరిగా ఉన్నవా యని కర్ణములు కొలిచి చూచితిని. ఉన్నవి. చిత్రము గీచినవారి యందు ఏ లోపమును లేదు. "దివ్యముగా ఉన్నది" అని చెప్పి సంతకము చేసితిని.

మూడు తలములు

గత కార్తికమాసమున, గడప నిలుపుటకు పెట్టిన ముహూర్తము నాలుగు దినములున్నదనగా, మన ఊరి యువకుడొకడు సాయంకాల దర్శనమునకు వచ్చెను. జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారము నెలకొనిన తరువాత ఈ ప్రాంతపు పిల్లలు కొందరు యంత్రభాగముల చిత్రములు గీయు విద్య నేర్చిరి. ఇనుమును కోయుటకు ముందే వస్తువును కంప్యూటరులో నలువైపుల నుండి కనబడునట్లు గీయుట ఇతని వృత్తి. గోడకు అంటించిన నేలచిత్రమును చాలసేపు చూచి ఇట్లడిగెను:

"అయ్యగారూ, ఇది పైనుంచి చూసిన బొమ్మ. పక్కనుంచి చూసిన బొమ్మ ఏది?"

"పక్కనుండి చూచుట కేమున్నది బిడ్డా, గుడి కట్టియే యున్నది గదా!"

"కట్టిన గుడి ఉన్నది. పెట్టబోయే గడప లేదు గదా అయ్యగారూ."

నాకు సమాధానము తోచలేదు. మరునాడు అతడు ల్యాప్‌టాప్‌ను, కొలత టేపును, మేస్త్రీలు మట్టము చూచు నీటిగొట్టమును తెచ్చెను. మండపము, ఆవరణ, నంది, ధ్వజస్తంభము వీని ఎత్తులన్నియు అతడు కొలిచెను. గర్భాలయములోని కొలతలు నేను తీసి చెప్పితిని. గర్భాలయపు నేలను సున్న యని నిర్ణయించి, దానికి పైనున్న వానిని పైలెక్కగను, క్రిందనున్న వానిని క్రిందిలెక్కగను వ్రాసికొనెను.

సాఫ్ట్‌వేరు తెరువగానే తెరపై మూడు పలుచని పలకలు ఒకదానినొకటి లంబముగా ఖండించుకొనుచు కనబడినవి. మూడును కలిసిన చోట ఒక చుక్క. పలకలు తలములు. చుక్క మూలబిందువు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వీనికి టాప్, ఫ్రంట్, రైట్ అని పేర్లు. మరికొన్నిటిలో ఎక్స్-వై, ఎక్స్-జెడ్, వై-జెడ్ అని పేర్లు. అతడు మూలబిందువును మన స్వామి పాదమూలమున, అనగా లింగ మధ్యమున గర్భాలయపు నేలపై నిలిపెను. అంతట మూడు తలములకు మన గుడిలోనే అర్థము ఏర్పడినది. మొదటిది నేలతో సమముగా పరచుకొన్న తలము. రెండవది తూర్పు పడమరలుగా నిటారుగా నిలిచి, లింగమును, ద్వారములను, నందిని సరిగా నడుమకు కోయు తలము. మూడవది ఉత్తర దక్షిణములుగా నిలిచి, గర్భాలయమును, సోమసూత్రమును కోయు తలము.

ఏ గీత గీయదలచినను ముందుగా ఏ తలముపై గీయుచున్నామో ఎన్నుకొనవలెను. స్కెచ్ అనునది ఒక కాగితము వంటిది. ఒక కాగితముపై గీచిన గీత ఆ కాగితమును విడిచి లేవదు. వేరొక తలముపై గీయవలెనన్న, ఆ స్కెచ్‌ను ముగించి, మరియొక తలమునో, అంతకుముందు రూపొందించిన ఘనవస్తువు యొక్క చదునైన ముఖమునో ఎన్నుకొని, క్రొత్త స్కెచ్ ఆరంభింపవలెను.

నాకును కుతూహలము పుట్టినది. మౌస్ పట్టి ధ్వజస్తంభమును గీచితిని. తెరపై గీత నిటారుగా నిలిచినది. ఎంతో సంతసించితిని. అతడు నవ్వుచు చిత్రమును ప్రక్కకు త్రిప్పెను. ధ్వజస్తంభము నేలపై పడుకొనియున్నది! నేను నేలతలముపైననే యుండి గీచితిని. తెరకు పైభాగమైనది గుడికి పైభాగము కాదు. తలము మార్చక ఎంత నిటారు గీత గీచినను అది నేలపై పడియుండును.

మన పెద్దలు ఎరిగినదే

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచింపగా, ఇది నాకు క్రొత్త విద్య కాదని తోచినది. బాల్యమున ఆపస్తంబ శుల్బసూత్రములు చదివినపుడు శ్యేనచితిని గూర్చి నేర్చితిమి. గరుడాకృతి గల ఆ వేదికకు 5 వరుసలు. వరుసకు 200 ఇటుకల చొప్పున మొత్తము 1000 ఇటుకలు. పై వరుసలోని అతుకు క్రింది వరుసలోని అతుకుపై పడరాదు. అందుచేత 1, 3, 5 వరుసలకు ఒక అమరిక, 2, 4 వరుసలకు మరియొక అమరిక చెప్పబడినవి. పైనుండి చూచువానికి ఐదును ఒకే పక్షి. కాని వరుస మారినపుడెల్ల క్రొత్త తలముపై క్రొత్త చిత్రము. మారనిది పక్షి యొక్క వెలుపలి రూపము, మధ్యరేఖ. ఆ మధ్యరేఖ నుండియే ప్రతి వరుసకును కొలత.

శ్రీచక్రమును చూడుడు. భూప్రస్తారమున తొమ్మిది ఆవరణములు ఒకే రేకుపై చదునుగా ఉండును. మేరుప్రస్తారమున ఆవరణములు మెట్టుపై మెట్టుగా లేచును. రేకును మాత్రము చూచినవానికి ఏ ఆవరణము ఎంత ఎత్తున ఉన్నదో తెలియదు. అయినను రెండింటను బిందువు నడుమనే యుండును.

శిల్పశాస్త్రకారులు తలచ్ఛందము, ఊర్ధ్వచ్ఛందము అని రెండు మాటలు వాడిరి. మొదటిది నేలపై రూపము, రెండవది పైకి లేచు రూపము. మన మేస్త్రీ చేతి సంచిలోను ఇదే శాస్త్రము కలదు. నీటిగొట్టము నేలమట్టమును చెప్పును. తూకపుగుండు నిలువును చెప్పును. మూలమట్టము మూలను చెప్పును. ఒక పరికరము చెప్పునది మరియొకటి చెప్పజాలదు.

పాశ్చాత్య దేశములలో గాస్పార్ మోంజ్ (1746–1818) అను ఫ్రెంచి గణితవేత్త, ఒక వస్తువును సమతలముపైన, నిలువుతలముపైన వేర్వేరుగా గీచి రెండింటిని జోడించు పద్ధతిని శాస్త్రముగా రూపొందించెను. మన ఇంజనీరింగు కళాశాలల పిల్లలు మొదటి సంవత్సరమున నేర్చునది ఆ విద్యయే. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలో స్కెచ్‌ప్యాడ్ అను కార్యక్రమముతో కంప్యూటరు తెరపై గీత గీచి చూపెను. 1982లో ఆటోక్యాడ్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చినవి. పరికరములు మారినవి. తలము నెరిగి గీయవలెనను నియమము మారలేదు.

మూడు అంగుళములు

ఇక అసలు విషయమునకు వచ్చెదను.

మరునాడు అతడు నేలతలపు స్కెచ్‌ను ముగించి, తూర్పు పడమరల నిలువుతలమును ఎన్నుకొనెను. నేను చెప్పిన కొలతలు అందులో వేసెను. స్వామి నుదుట విభూతిరేఖలు దిద్దు చోటు గర్భాలయపు నేలనుండి 30 అంగుళముల ఎత్తు. నంది కన్ను అదే మట్టమునుండి లెక్కించగా 42 అంగుళముల ఎత్తు. లింగ మధ్యమునుండి నందికి 24 అడుగుల దూరము. రెండు బిందువులను కలుపుచు ఒక పసుపుపచ్చని గీత గీచి, "అయ్యగారూ, ఇది నందయ్య చూపు" అనెను.

క్రొత్త గడప పెట్టవలసిన అంతరాళ ద్వారము లింగమునుండి 12 అడుగులలో, అనగా సరిగా సగము దూరమున ఉన్నది. కనుక అచ్చట చూపు యొక్క ఎత్తు 30, 42 అంగుళముల సగటు, అనగా 36 అంగుళములు. పాత నేల ఎత్తు 6 అంగుళములు. దానికి 18 చేర్చిన 24. ఆ పైన గడప 15. మొత్తము 39 అంగుళములు.

పసుపుపచ్చని గీత గడపరాతిలోనికి చొచ్చుకొనిపోయినది. నంది చూపునకు మూడు అంగుళముల రాయి అడ్డము.

నాకు నోట మాట రాలేదు. నేలచిత్రములో గడప రెండు సమాంతర రేఖలు మాత్రమే. గడప మూడు అంగుళములైనను, మూడు అడుగులైనను ఆ రెండు గీతలు మారవు. నేను వంద మారులు చూచినను అది నాకు కనబడదు. నందిని కదలింపరాదని పట్టుబట్టినవాడను నేను. ఆ మాట శాస్త్రసమ్మతమే. కాని నంది కదలక చుట్టునున్న నేల మాత్రము లేచినచో నందికి ఏమగునో ఆలోచింపలేదు. నేల లేచిన పిమ్మట నంది పీఠమే నేలకు 6 అంగుళముల లోతున గుంటలో పడియుండెడిది. శివుని యెదుట కూర్చుండి శివుని చూడలేని నందిని నా చేతులతోనే నిలిపియుండెడివాడను. ఆ అపచారము నా సంతకము క్రింద జరుగనుండెను.

నీరు నడచు దారి

అంతటితో ఆగలేదు. "ఇంకొక తలము ఉన్నది అయ్యగారూ" అని అతడు ఉత్తర దక్షిణముల తలమునకు మారెను. అభిషేకజలము గోడ వెలుపలికి వచ్చు సోమసూత్రపు నోరు గర్భాలయపు నేలకు 3 అంగుళములు క్రిందనున్నది. పాత ఆవరణ 12 అంగుళములు క్రిందనున్నది. ఆవరణను 18 అంగుళములు ఎత్తినచో అది 6 అంగుళములు పైకి వచ్చును. సోమసూత్రపు నోరు 9 అంగుళముల లోతున పూడిపోవును. వాననీరు లోనికి రాకూడదని తలపెట్టిన పని, అభిషేకజలము వెలుపలికి పోకుండ చేయనుండెను.

జలము పోవు దారిని గీయుటకు అతడు వేరొక ఉపాయము చూపెను. నీరు ఒక తలమున నిలుచునది కాదు. పానవట్టమునుండి క్రిందికి పడును, ఉత్తరమునకు మరలును, గోడ దాటి తొట్టిలో పడి, తూర్పునకు తిరిగి పూలతోటకు పోవును. ఇట్టి దారులకై సాలిడ్‌వర్క్స్ వంటి వానిలో త్రీడీ స్కెచ్ అని ఒకటి కలదు. అందు స్కెచ్‌ను ముగింపకయే, గీయుచు గీయుచు ట్యాబ్ మీట నొక్కిన తలము మారును. ఇప్పుడు ఏ తలమున ఉన్నామో కర్సరు ప్రక్కన చిన్న అక్షరములలో కనబడుచుండును. క్రిందికి, ఉత్తరమునకు గీయునపుడు వై-జెడ్ అని ఉండవలెను. తూర్పునకు తిరుగు చోట ట్యాబ్ నొక్కి ఎక్స్-వై తలమునకు మారవలెను.

ఆ చివరి మలుపు నన్ను గీయుమనెను. గుడిని వాయువ్యమూల పైనుండి చూచుచున్నట్లు చిత్రము ఏటవాలుగా ఉన్నది. గోడ మొదటిని అంటి తూర్పునకు పోవునట్లు చక్కని గీత గీచితిని. ట్యాబ్ నొక్కుట మరచితిని. అతడు చిత్రమును త్రిప్పి చూపగా, నేను గీచిన నీరు తూర్పునకు పోలేదు. ఉత్తరదిక్కుగా ఆకాశమునకు ఎక్కుచున్నది! ఏటవాలు చూపులో తూర్పునకు పోవు గీతయు, ఉత్తరమునకు పోవుచు పైకి లేచు గీతయు ఒకే విధముగా కనబడును. కంటికి సరిగా కనబడినంత మాత్రమున సరియైనదని నమ్మరాదని ఆ క్షణమున తెలిసినది.

గీయు పిల్లలకు కొన్ని మాటలు

ఈ సంచికను చదువు ఇండ్లలో ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదువు పిల్లలు ఉందురు. ఆ యువకుడు నాకు చెప్పిన నియమములను వారికై వ్రాయుచున్నాను.

మొదటిది. గీయుటకు ముందు ఏ తలముపై ఉన్నారో పేరు చదివి నిర్ధారించుకొనుడు. ఆ తలమునకు ఎదురుగా నిలిచి చూచునట్లు చిత్రమును త్రిప్పుకొని, పిమ్మట గీయుడు.

రెండవది. ఒక తలముపై కొలిచినదానిని మరియొక తలముపై చేతితో మరల గీయకుడు. ప్రాజెక్ట్ అను ఆదేశముతో ఆ అంచును క్రొత్త తలముపై నీడవలె పడవేయవచ్చును. అట్లు చేసిన, మూలము మారినపుడు నీడయు మారును.

మూడవది. తప్పు తలముపై గీచితిమని తెలిసినచో అంతయు చెరిపి కూర్చుండ నక్కరలేదు. సాలిడ్‌వర్క్స్‌లో ఎడిట్ స్కెచ్ ప్లేన్ అనియు, ఫ్యూజన్‌లో రీడిఫైన్ స్కెచ్ ప్లేన్ అనియు మార్గములున్నవి. అయితే పాత అంచులకు కట్టిన కొలతలు క్రొత్త తలమున తెగిపోవచ్చును. మార్చిన వెంటనే ప్రతి కొలతను మరల చూచుకొనవలెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఏది దేనికి కట్టబడవలెనో ముందే ఆలోచింపుడు. అతడు లింగమును, నందిని, సోమసూత్రమును మూలబిందువునకు కట్టెను. గడపను మాత్రము మండపపు నేల ముఖముపై గీచెను. నేల ఎత్తును 18 నుండి 6కు తగ్గించి చూపినపుడు గడప తనంతట తాను 12 అంగుళములు దిగినది. స్వామి కదలలేదు, నంది కదలలేదు. అట్లు కాక స్వామిని నేల ముఖమునకు కట్టియుండిన, మేస్త్రీ నేల మార్చినపుడెల్ల స్వామియు లేచి కూర్చుండెడివాడు. ఆ ముఖమునే చెరిపివేసినచో దానిని ఆధారముగా గొన్న చిత్రము నిరాధారమగును. కదలవలసినదానిని కదలుదానికి, కదలరానిదానిని కేంద్రమునకు కట్టవలెను. జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణ చేసి స్వామి కళను కుంభమునందు ఆవాహన చేసి బాలాలయమున ఉంచితిమి గదా. గోడలు విప్పితిమి, నేల త్రవ్వితిమి. చోటు మారినను ఆరాధన ఒక్క పూటయైనను తప్పలేదు. ఆ నియమమే ఇచ్చటను చూచితిని.

అమ్మగారి మాట

తప్పు తెలిసినది. ఇక చేయవలసినది ఏమి? మేస్త్రీలతో, పెద్దలతో కూర్చుండి చిత్రమును చూపితిమి. ఆవరణను, మండపమును, అంతరాళమును 6 అంగుళములు మాత్రమే ఎత్తుటకును, వాననీటికై ప్రాకారము వెంబడి వేరుగా వాలుకాలువ త్రవ్వుటకును నిర్ణయమైనది. అంతరాళపు నేల 12 అంగుళముల మట్టమునకు వచ్చును. గడప నేలపైకి 9 అంగుళములు మాత్రమే కనబడవలెను. అప్పుడు దాని తల 21 అంగుళములు. నంది చూపు దానికి 15 అంగుళములు పైనుండి పోవును. సోమసూత్రపు నోరు ఆవరణకు 3 అంగుళములు పైనుండును.

రాతిని వృథా చేయ నక్కరలేదు. 6 అంగుళములు నేలలోనికి దించిన చాలును. కాని ఆ 6 అంగుళములలోనే ఆ అమ్మగారి భర్త పేరు చెక్కియున్నది. పై పట్టెలోని పద్మములు కనబడును, పేరు భూమిలోనికి పోవును.

ఈ మాట ఆమెకు చెప్పుట నా వంతైనది. ఆమె యింటికి వెళ్లితిని. చిత్రపు నకలును చూపి, పసుపుపచ్చని గీతను చూపి, నేను సంతకము చేసిన సంగతిని కూడ చెప్పితిని. కోరినచో క్రొత్త రాయి చెక్కింతుమని, ఆ వ్యయము ఆమెపై పడదని చెప్పితిని. ఆమె కొంతసేపు ఆ గీతనే చూచి ఇట్లనెను:

"పేరు కనబడకపోతే ఏమాయె అయ్యగారూ. నందయ్యకు స్వామి కనబడితే సాలు."

నేను నమస్కరించి వచ్చితిని. ఆ ముహూర్తముననే గడప నిలిపితిమి. రాతిని దించునపుడు ఆమె వచ్చి, పేరున్న పట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, ప్రక్కకు నిలిచెను. ఈ సంచికలోని దాతల పట్టికలో కూడ ఆ పేరు వలదని కోరిరి. కనుక అది మీకు ఎచ్చటను కనబడదు.

ఇతర ఆలయముల పెద్దలకు మనవి

మన తెలుగుసీమలో నేడు అనేక ఆలయములు పునరుద్ధరింపబడుచున్నవి. హనుమకొండ వేయిస్తంభముల గుడి 1163లో కాకతీయ రుద్రదేవుని కాలమున వెలసినది. అందలి కళ్యాణమండపమును 2006లో విప్పి, రాళ్లకు సంఖ్యలు వేసి భద్రపరచి, మరల నిలిపి 2024 మార్చిలో భక్తులకు తెరచిరి. అట్టి పనిలో ఒక రాయి నేలపై ఎచ్చటిదో తెలిసిన చాలదు. ఏ వరుసలోనిదో, ఏ దిక్కునకు ముఖమైనదో తెలియవలెను. మనవంటి చిన్న ఊళ్ల ఆలయములకు అంతటి ఏర్పాట్లు లేకపోవచ్చును. అయినను మూడు చిత్రములు అడుగుటకు ఖర్చేమియు లేదు.

కనుక మీ గ్రామములలో నేల ఎత్తు చేయుటకు గాని, గడప మార్చుటకు గాని, గచ్చుపై గ్రానైటు పరచుటకు గాని అనుమతించుటకు ముందు అర్చకుని చేతికి నేలచిత్రము నొక్కదానినే ఇచ్చి సంతకము అడుగకుడు. స్వామి మధ్యముగా తూర్పు పడమరల కోసిన చిత్రమును, సోమసూత్రము గుండ ఉత్తర దక్షిణముల కోసిన చిత్రమును కూడ అడుగుడు. మూడింటికి కొలతలు ఒకే బిందువు నుండి మొదలైనవో లేదో చూడుడు. నంది కన్నునుండి స్వామి వరకు ఒక గీత గీయింపుడు. కంప్యూటరు లేనిచో ఒక నూలుదారము పట్టి చూడుడు. దారము గడపకు తగిలినచో పని ఆపుడు. అర్చకులైన నా సోదరులకు కూడ ఒక మాట. మనము చదివిన శాస్త్రము సత్యమైనదే. అది ఒక తలమున సరిపోయినంతనే తృప్తిపడి సంతకము చేయుట మన తొందరపాటు.

రేపు మీరు దర్శనమునకు వచ్చినపుడు నంది ప్రక్కగా కొంచెము వంగి, దాని కొమ్ముల నడుమనుండి చూడుడు. గడపమీదుగా, దీపపు వెలుగులో స్వామి నుదుటి విభూతిరేఖలు మీకు కనబడును. అంతరాళములోనికి అడుగిడునపుడు ఆ గడపను త్రొక్కక, చేతితో తాకి కన్నులకు అద్దుకొని దాటుడు.